లెపర్డ్ గెకో (పెంపుడు బల్లి) ట్యాంకుకు ఇంట్లోనే హైడ్ (దాక్కునే గూడు), వెనక రాతిగోడ చేద్దామనుకుంటున్నా, సలహా ఇవ్వండి

ఫ్రిస్కో_నాన్న | జనవరి 4, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోయేవాణ్ణి, రాయడం ఇదే మొదలు. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మా పాపకు తొమ్మిదేళ్ళు. రెండేళ్ళు బతిమాలించుకుని మొన్న దీపావళికి లెపర్డ్ గెకోను తెచ్చిచ్చాం. ఒంటినిండా చుక్కలు కాబట్టి పాపే చుక్కమ్మ అని పేరు పెట్టింది.

ట్యాంకు 40 గ్యాలన్లది. పొడవు 36 అంగుళాలు, వెడల్పు 18, ఎత్తు 16. అడుగున కుడివైపు వేడినిచ్చే హీట్ మ్యాట్ ఉంది, దాని వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ కూడా ఉంది. ప్రస్తుతానికి లోపల ఒక ప్లాస్టిక్ గుహ, ఒక అట్టపెట్టె పెట్టాం. చూడ్డానికి బోసిగా ఉంది. పాప ఒక బొమ్మ వేసి ఇచ్చింది. వెనకంతా ఎర్రరాతి గోడ, దానికి మెట్లు, మెట్ల కింద పెద్ద గుహ. అలాంటిది బయట దొరకలేదు. దొరికినవాటి ధర దాదాపు ట్యాంకు ధరంత ఉంది. నాకు చేతిపని ఇష్టం, శని ఆదివారాలు ఖాళీ.

థర్మోకోల్ వాడొచ్చా? దాని మీద ఏం పూయాలి? రంగును చుక్కమ్మ నాకితే ప్రమాదమా? చేసినవాళ్ళు దయచేసి చెప్పండి.

కొలువు_కొండ | జనవరి 4, రాత్రి 11:15

స్వాగతం అండి. ముందు పాప బొమ్మను పని చేసే చోట గోడకు అంటించుకోండి. మధ్యలో చాలాసార్లు చూడాల్సి వస్తుంది.

మాది విజయవాడ, ఇప్పుడు ఎడిసన్‌లో ఉంటున్నాం. చిన్నప్పుడు మా ఇంట్లో సంక్రాంతి బొమ్మల కొలువుకు ఏడుకొండలు కట్టే పని నాదే. అట్టముక్కలు, గోనెపట్టా, మైదాపిండి జిగురు. ఇప్పుడు క్రెస్టెడ్ గెకోలకు గోడలు కడుతున్నా. చేతి పని అదే, సరుకు మారింది. మైదా జిగురు, కాగితపు గుజ్జు, కొండపల్లి బొమ్మల అతుకులకు వాడే చింతగింజల పిండి మక్కు, ఇవన్నీ తడి తగిలే ట్యాంకులో నాలుగు రోజుల్లో బూజు పడతాయి. పీఓపీ కూడా వద్దు. తడికి మెత్తబడి పొడిగా రాలిపోతుంది.

థర్మోకోల్ వాడొచ్చు. అయితే టీవీ పెట్టెల్లో వచ్చే పూసల థర్మోకోల్ కాదు. అది కోస్తే పూసలు రాలి ఇల్లంతా అంటుకుంటాయి, అంచు కూడా నిలవదు. హార్డ్‌వేర్ షాపులో ఇంటి గోడలకు వేసే గులాబీ రంగు, నీలం రంగు ఇన్సులేషన్ ఫోమ్ షీట్లు ఉంటాయి, అవి తీసుకోండి. వెనక గోడకు అంగుళం మందం, మెట్లకు రెండంగుళాల మందం సరిపోతుంది. రాతిలా కనిపించాలంటే అంచులను కత్తితో కోయకండి, చేత్తో విరవండి. విరిగిన అంచు దానంతటదే రాయిలా ఉంటుంది. పైన వైర్ బ్రష్‌తో అడ్డంగా గీరితే పొరలు పొరలుగా వస్తుంది. హీట్ గన్ వాడితే మాత్రం బయట, గాలి తగిలే చోట వాడండి. కాలిన ఫోమ్ పొగ పీల్చకూడదు.

ముక్కలు అతికించడానికి నూటికి నూరుపాళ్ళు సిలికాన్ కొనండి. బాత్రూములకు అమ్మే బూజు నిరోధక మందు కలిపిన రకం వద్దు. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. ఆ వాసన పూర్తిగా పోతేనే ఆరినట్టు.

దానిమీద టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్. మొదటి పూత పలచని మజ్జిగలా ఉండాలి, సందుల్లోకి పారుతుంది. రెండోది దోసె పిండిలా. మూడోది ఇడ్లీ పిండిలా. ఒక పూతకు, ఇంకో పూతకు మధ్య కనీసం ఒక రోజు ఆగండి. త్వరగా ఆరితే పగుళ్ళు వస్తాయి కాబట్టి మధ్యమధ్యలో నీళ్ళు చిలకరించండి. రంగు చివర్లో పైన పూసేకంటే గ్రౌట్‌లోనే ఎర్ర ఆక్సైడ్ పొడి కలపడం మేలు. మన పాత ఇళ్ళల్లో ఎర్రగచ్చుకు వేసేవాళ్ళే, అదే. గీత పడినా లోపల తెల్లగా కనపడదు. నీడల కోసం నీళ్ళలో కలిసే యాక్రిలిక్ రంగు పలచగా వేసి గుడ్డతో తుడవండి. సందుల్లో నలుపు మిగిలిపోతుంది, గోడకు లోతు వస్తుంది.

ఆఖరున నీటి ఆధారిత మ్యాట్ వార్నిష్ రెండు మూడు పూతలు. స్ప్రే డబ్బా రంగులు ఏవీ ఫోమ్‌కు నేరుగా కొట్టొద్దు, అందులోని ద్రావకానికి ఫోమ్ కరిగిపోతుంది. వార్నిష్ అయ్యాక కనీసం వారం పది రోజులు బయట ఆరబెట్టండి. ముక్కు ఆనించి చూస్తే ఏ వాసనా రాకూడదు. అప్పుడు నాకినా భయం లేదు.

కొలువు_కొండ | జనవరి 4, రాత్రి 11:22

ఒక ముఖ్యమైన సంగతి మరిచిపోయా. మీ ట్యాంకు లోపల 36 అంగుళాలే, కానీ పైన నల్ల ప్లాస్టిక్ ఫ్రేము లోపలికి పొడుచుకొచ్చి ఉంటుంది. 36 అంగుళాల గోడ ఒకే ముక్కగా చేస్తే లోపలికి దిగదు. నేను మొదటిసారి మూడు వారాలు కష్టపడి చేసిన గోడను రంపంతో రెండు ముక్కలు చేయాల్సి వచ్చింది. ముందే రెండుగా చేసుకోండి, ఆ అతుకును రాతి పగులులా మలచండి. గ్రౌట్ మందానికి ప్రతి పక్కా కొంచెం వదలండి.

నాపరాయి | జనవరి 5, ఉదయం 7:05

కొలువు_కొండ గారు గోడ గురించి చెప్పింది అక్షరాలా నిజం. నేను గుహ గురించి మాట్లాడతా.

ఫ్రిస్కో తమ్ముడూ, మాది తాండూరు. నాన్న బండల పాలిష్ యూనిట్లో పనిచేశారు. ఫీనిక్స్ వచ్చి పదకొండేళ్ళు, అప్పట్నుంచీ గెకోలు పెంచుతున్నా. ఆ బొమ్మలో మెట్ల కింద గుహ ఎక్కడ వస్తుంది? హీట్ మ్యాట్ పైనా? గుహకు అడుగు కూడా ఫోమేనా? ఫోమ్ షీట్ పుట్టిందే వేడిని ఆపడానికి. మ్యాట్ మీద ఫోమ్ పరిస్తే కింద వేడి కిందే ఉంటుంది, పైన గుహ చల్లగా ఉంటుంది.

గుహ పెద్దదిగా చేయకండి. మన ఊళ్ళో బల్లి తలుపు వెనక సందులో ఎలా ఇరుక్కుని ఉంటుందో గుర్తుందిగా? వీపుకు పైకప్పు తగలాలి, పక్కలు తగలాలి. అప్పుడే దానికి భద్రంగా ఉన్నట్టు. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ రాతినేలల్లో లెపర్డ్ గెకో పగలంతా రాళ్ళ కిందా బొరియల్లోనే ఉంటుంది. మనకు హాలు బాగుంటుంది, దానికి బొరియ బాగుంటుంది.

ఫ్రిస్కో_నాన్న | జనవరి 5, రాత్రి 8:30

ఇద్దరికీ చాలా థాంక్స్. షీట్లు తెచ్చేశా. నాపరాయి అన్నా, గుహ కుడివైపే వస్తుంది, మ్యాట్ మీదే. అడుగు లేకుండా చేస్తే గోడ నిలవదేమో అనిపిస్తోంది. చూస్తా.

యారా_తీరం | జనవరి 6, మధ్యాహ్నం 2:10

మెల్‌బోర్న్ నుంచి. మా దగ్గర లెపర్డ్ గెకోలు పెంచడానికి వీల్లేదు, విదేశీ సరీసృపాలను ఇళ్ళల్లో ఉంచుకోనివ్వరు. మా ఇంట్లో ఉన్నది బియర్డెడ్ డ్రాగన్ అనే ఇక్కడి బల్లి, లైసెన్స్ తీసుకుని పెంచుతున్నాం. దానికి ఎండ కాచుకునే చోట 40 సెంటీగ్రేడు దగ్గర ఉండాలి, కాబట్టి గోడకు మెట్లు కట్టి దీపం కింద ఒక అరుగు పెట్టాం. ఆ అరుగు మాత్రం ఫోమ్ కాదు, పలక రాయి. పాలీస్టైరీన్ ఫోమ్ 75 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. దీపానికి మరీ దగ్గరైతే గ్రౌట్ వెనక ఫోమ్ కుంగిపోతుంది, పైకి కనపడదు.

ఇంకొకటి, రాళ్ళు బయట అడవిలో ఏరుకురావద్దని అందరికీ విన్నపం. న్యూసౌత్‌వేల్స్‌లో తోటల అలంకారానికి కొండరాళ్ళు ఎత్తుకెళ్ళడం వల్ల బ్రాడ్-హెడెడ్ స్నేక్ అనే పాముకు నిలువ నీడ లేకుండా పోతోంది. అది సిడ్నీ చుట్టుపక్కల ఇసుకరాతి కొండలమీద, పలచటి బండల కింద బతికే పాము. అక్కడ ఆ రాళ్ళ తొలగింపును చట్టప్రకారమే ప్రధాన ముప్పుల్లో ఒకటిగా చేర్చారు. పరిశోధకులు ఫైబర్ కలిపిన సిమెంటుతో కృత్రిమ బండలు పోసి కొండల మీద పెడితే బల్లులు వచ్చి చేరాయి. మనం ఇంట్లో చేస్తున్న పనే వాళ్ళు కొండమీద చేశారు. చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది.

పుట్టమన్ను | జనవరి 7, రాత్రి 12:20

నేను కొలంబస్‌లో ఎం.ఎస్. చదువుతున్నా. బాల్ పైథాన్ ఉంది. నాకు గోడలు చేసే ఓపిక, డబ్బు రెండూ లేవు. 3 డాలర్ల నల్ల ప్లాస్టిక్ బేసిన్లు రెండు తెచ్చి బోర్లించా, సోల్డరింగ్ ఐరన్‌తో ద్వారం కోశా, అంచులను గరుకు కాగితంతో నున్నగా రుద్దా. చూడ్డానికి ఏమీ ఉండదు కానీ పాము పగలంతా అందులోనే ఉంటుంది.

రెండూ అచ్చంగా ఒకేలా ఉండటం ముఖ్యం. ఒకటి వెచ్చని వైపు, ఒకటి చల్లని వైపు. మొదట్లో ఒకటే ఉండేది, వెచ్చని వైపు. చల్లదనం కావాల్సినప్పుడు కూడా దాక్కునే చోటు వదల్లేక వేడిలోనే పడి ఉండేది. రెండోది పెట్టాక మారుతూ వచ్చింది. ఆఫ్రికాలో ఇవి ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో ఉంటాయట. మన నాగులచవితి పుట్ట గుర్తొచ్చి ఈ పేరు పెట్టుకున్నా.

కొలువు_కొండ | జనవరి 7, ఉదయం 9:00

పుట్టమన్ను తమ్ముడూ, నువ్వు చేసింది చాలా మంచి హైడ్. పాముల ట్యాంకుల్లో నేను కూడా ఫోమ్ గోడ వద్దనే చెప్తా. ఒంటితో తోసి అతుకులు ఊడదీస్తాయి, మలమూత్రాలు సందుల్లోకి ఇంకితే కడగలేం. బేసిన్ అయితే తీసి కడుక్కోవచ్చు.

మూసీ_తాబేలు | జనవరి 8, సాయంత్రం 6:45

హైదరాబాద్ నుంచి. నా దగ్గర రెడ్ ఇయర్డ్ స్లైడర్ తాబేలు ఉంది, ఎవరో అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తూ చెరువులో వదిలేస్తామంటే తీసుకున్నా. ఎండ కాచుకోడానికి థర్మోకోల్ దిమ్మ చేసి నీళ్ళలో తేలేలా పెట్టా. రెండు వారాల్లో మూలలన్నీ కొరికేసింది. మలంలో తెల్లముక్కలు కనపడ్డాయి. వెట్‌కు (పశువైద్యుడికి) చూపించాం, అదృష్టం బాగుండి బయటికి వచ్చేశాయి. నీటి తాబేళ్ళకు కొరకడానికి అందే చోట ఫోమ్ పెట్టకండి, పూత ఎంత మందంగా ఉన్నా సరే.

ఇప్పుడు పీవీసీ పైపు ముక్కలు కాళ్ళుగా పెట్టి, పైన నాపరాయి ముక్క అతికించా. బండ మీదికి ఎక్కడానికి ఒక వాలు పలక. కాళ్ళు వెడల్పుగా ఉండాలి, తాబేలు బరువుకు పక్కకు ఒరగకూడదు.

గుంటూరు_కొత్త | జనవరి 8, రాత్రి 10:05

అన్నా, ఇక్కడ ఒకాయన నక్షత్ర తాబేలు తెచ్చిస్తానంటున్నాడు. చూడ్డానికి భలే ఉంది. దానికి గూడు ఎలా కట్టాలో కొంచెం చెప్పండి.

నిర్వాహకులు | జనవరి 8, రాత్రి 10:30

గుంటూరు_కొత్త గారూ, తీసుకోవద్దు. నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అక్రమ రవాణా ఎక్కువైపోయిందని 2019లో సైట్స్ (అడవి జంతువులు, మొక్కల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలోకి కూడా చేర్చారు. అంటే అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషిద్ధం. మీకు తెచ్చిచ్చేది పొలాల గట్లమీదో చిట్టడవిలోనో పట్టుకున్నదే అయి ఉంటుంది. ఎవరైనా అమ్మజూపితే అటవీశాఖకు చెప్పండి. ఇండియాలో సైట్స్ జాబితాలో ఉన్న విదేశీ జాతులు పెంచుతున్నవాళ్ళు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. ఈ వేదికలో మన దేశపు అడవి జంతువులకు గూళ్ళు కట్టే సలహాలు ఇవ్వం.

గుంటూరు_కొత్త | జనవరి 8, రాత్రి 10:52

తెలియక అడిగా అండి. వద్దని చెప్పేశా.

ఫ్రిస్కో_నాన్న | జనవరి 26, సాయంత్రం 5:20

గోడ అయిపోయింది! ఫోటోలు పైన పెట్టా. మూడు వారాంతాలు పట్టింది. ఎర్ర ఆక్సైడ్ సలహాకు కొలువు_కొండ గారికి చేతులెత్తి నమస్కారం. మా అమ్మ మొన్న ఇండియా నుంచి వచ్చింది. బల్లిని ఇంట్లో పెట్టుకున్నారేమిట్రా అని మొదటిరోజు హాల్లోకి రాలేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. "ఇది కళ్ళు మూస్తోందిరా, మన బల్లులు మూయవు" అని మా అమ్మే కనిపెట్టి చెప్పింది. నిజమే, లెపర్డ్ గెకోకు రెప్పలున్నాయి. కాళ్ళకు జిగురు మెత్తలు లేవు కాబట్టి గోడలెక్కదు, మెట్లెక్కుతుంది.

కానీ ఒక దిగులుగా ఉంది. గుహలోకి చుక్కమ్మ అసలు పోవడం లేదు. నాలుగు రోజుల నుంచి నీళ్ళ గిన్నె వెనక మూల నక్కి ఉంటోంది. తిండి సగమైంది. కొత్త వాసనేమో అనుకున్నా. కానీ వాసనేం లేదు.

నాపరాయి | జనవరి 26, సాయంత్రం 6:00

గోడ చాలా బాగుంది తమ్ముడూ. పాప మెట్లు అచ్చంగా వచ్చాయి.

గుహ లోపల కొలతలు చెప్పు. గుహ నేల మీద వేడి ఎంత? థర్మోస్టాట్ ప్రోబ్ (వేడిని కొలిచే తీగ కొస) ఎక్కడ పెట్టావు?

ఫ్రిస్కో_నాన్న | జనవరి 26, సాయంత్రం 6:40

లోపల 9 అంగుళాల పొడవు, 5 ఎత్తు. నేల అంగుళం ఫోమ్, పైన గ్రౌట్. ఇప్పుడే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూశా, 75 ఫారెన్‌హీట్ చూపిస్తోంది. ప్రోబ్ గుహ లోపలే ఉంది, 90కి పెట్టా.

నాపరాయి | జనవరి 26, సాయంత్రం 6:48

వెంటనే మ్యాట్ ప్లగ్ తీసెయ్. మిగతాది తర్వాత మాట్లాడదాం.

ప్రోబ్‌కు 90 ఎప్పటికీ అందదు, ఎందుకంటే మధ్యలో ఫోమ్ ఉంది. అందేదాకా థర్మోస్టాట్ మ్యాట్‌ను ఆపదు. రాత్రీ పగలూ ఆగకుండా కాలుతూనే ఉంటుంది. ఆ వేడికి బయటికి దారి లేదు, అద్దానికీ ఫోమ్‌కీ మధ్య చిక్కుకుపోతుంది. అద్దం పగలొచ్చు, ఫోమ్ కరగొచ్చు, అంతకంటే ఘోరం కూడా జరగొచ్చు.

ఫ్రిస్కో_నాన్న | జనవరి 26, రాత్రి 7:15

తీసేశా. కింద చెయ్యి పెట్టి చూస్తే ట్యాంకు అడుగు కాలుతోంది. అన్నా, నువ్వు మొదటిరోజే చెప్పావు. నేను గోడ నిలవదేమోనని అడుగు వేసేశా. చెయ్యి ఇంకా వణుకుతోంది.

నాపరాయి | జనవరి 26, రాత్రి 7:30

అడిగావు కాబట్టి దొరికింది, దిగులు పడకు. గుహ అడుగు కోసెయ్, గోడను తియ్యక్కర్లేదు. ఈ రాత్రికి ఇల్లు వెచ్చగా ఉంచి, ఆ పాత ప్లాస్టిక్ గుహ తిరిగి పెట్టు.

ఇప్పుడు కొత్త హైడ్. హార్డ్‌వేర్ షాపులో స్లేట్ టైల్ ఒకటి కొను, సెంటీమీటరు మందం ఉన్నది చాలు. మనూళ్ళో అయితే నాపరాయి, కడప బండ ముక్క. అందులోంచి రెండు పక్కలకు ఒకటిన్నర అంగుళం ఎత్తు పట్టీలు, వెనక ఒకటి, పైన కప్పు. సిలికాన్‌తో అతికించు. ద్వారం చుక్కమ్మ తల కంటే కొంచెం వెడల్పు. పొడవు తోకతో కాదు, ముక్కు నుంచి తొడల దాకా కొలిచి రెండంగుళాలు కలుపు. తోక చుట్టుకుంటుంది. కోసిన ప్రతి అంచునూ తడి గరుకు కాగితంతో రుద్దు, వేలు పెట్టి తిప్పితే ఎక్కడా గీసుకోకూడదు.

అడుగు వద్దు. మ్యాట్ ఉన్న అద్దం మీద ఇంకో స్లేట్ పలక పరిచి దానిమీద నేరుగా ఇది నిలబెట్టు. మట్టి మీద పెడితే చుక్కమ్మ కింద తవ్వినప్పుడు రాయి దాని మీద పడుతుంది. ప్రోబ్ ఆ కింది పలక మీద, కప్పు కింద. 90 దగ్గర ఉంచు.

వెట్_టెక్_అక్క | జనవరి 27, ఉదయం 6:50

షార్లెట్ నుంచి. ఒక వెట్ క్లినిక్‌లో పనిచేస్తా, సరీసృపాలు చాలా వస్తాయి. ఫ్రిస్కో గారూ, మీరు పెట్టిన మూడో ఫోటోను పెద్దది చేసి చూశా. ముందు ఎడమ కాలి వేళ్ళకు చివర తెల్లటి ఉంగరంలా ఉంది. కుబుసం పూర్తిగా ఊడలేదు. అది ఆరి బిగుసుకుంటే వేలికి రక్తం ఆగుతుంది, వేలు నల్లబడి ఊడిపోతుంది. మా దగ్గరికి వచ్చే గెకోల్లో వేళ్ళు లేనివి చాలానే ఉంటాయి.

మూత ఉన్న డబ్బాలో తడి గుడ్డ వేసి, నీళ్ళు కేవలం వేళ్ళు తడిసేంత, 85 ఫారెన్‌హీట్ దగ్గర. అందులో 15 నుంచి 20 నిమిషాలు, పక్కనే ఉండి చూస్తూ. తర్వాత తడి కాటన్ బడ్‌ను వేలి మీద మెల్లగా దొర్లించండి. లాగొద్దు. రెండు మూడు రోజులు చేయండి. వేలు వాచినా, రంగు మారినా ఆగకుండా వెట్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇలా జరగడానికి కారణం మూడో హైడ్ లేకపోవడం. వెచ్చనిది, చల్లనిది, వాటితోపాటు తడిగా ఉండేది ఒకటి కావాలి. ఐస్‌క్రీం డబ్బా చాలు. మూతకు చుక్కమ్మ సులువుగా దూరేంత గుండ్రటి ద్వారం కోసి, అంచు నున్నగా చేసి, లోపల తడిపి పిండిన స్ఫాగ్నమ్ మాస్ (తడిని పట్టి ఉంచే నాచు) వేయండి. ట్యాంకు మధ్యలో, వెచ్చదనం తగిలేలా. మాస్ వారానికోసారి మార్చండి.

గూటి సామాను వంటింటి సింకులో కడగకండి, సాల్మొనెల్లా (కడుపు జబ్బు తెచ్చే క్రిమి) భయం ఉంటుంది. పాప చేతులు కూడా ప్రతిసారీ సబ్బుతో కడిగించండి.

యారా_తీరం | జనవరి 27, మధ్యాహ్నం 1:30

తడి హైడ్‌కు చిన్న మట్టికుండీ సగం చేసినా బాగుంటుంది. కోసే ముందు రాత్రంతా నీళ్ళలో నానబెడితే పగలకుండా తెగుతుంది. మట్టి నీళ్ళు పీల్చుకుని మెల్లగా వదుల్తుంది. గెకో ఇంకా చిన్నదైతే కొబ్బరి చిప్ప కూడా సరిపోతుంది. కొబ్బరంతా గీరేసి ఉడకబెట్టి, ఎండబెట్టి వాడాలి. 

పుట్టమన్ను | జనవరి 29, రాత్రి 11:40

నా రూమ్మేట్‌కు బియర్డెడ్ డ్రాగన్ ఉంది. రాత్రిపూట దాని వెనక గోడలోంచి కరకర చప్పుడు. గోడ తీసి చూస్తే అడుగున రవ్వలా తెల్లటి పొడి, ఫోమ్ నిండా సన్నటి సొరంగాలు. మేతగా వేస్తే తప్పించుకున్న మీల్‌వార్మ్ పురుగులు! ఇవి థర్మోకోల్ తింటాయని ఎవరికైనా తెలుసా?

కొలువు_కొండ | జనవరి 30, ఉదయం 8:10

తింటాయి. 2015లో స్టాన్‌ఫర్డ్, బీజింగ్ పరిశోధకులు కలిసి మీల్‌వార్మ్‌లు పాలీస్టైరీన్ తిని బతుకుతాయని చూపించారు. అందుకే గోడ వెనకవైపు, అడుగు అంచు కూడా గ్రౌట్ పూయాలి. చాలామంది కనిపించే ముఖానికే పూసి వదిలేస్తారు. ట్యాంకు అద్దానికీ గోడకీ మధ్య సందు ఉంటే మేతకు వేసే క్రికెట్లు (కీచురాళ్ళు) కూడా అక్కడే కాపురం పెడతాయి, రాత్రి బయటికొచ్చి నిద్రపోతున్న గెకోను కొరుకుతాయి. పురుగులను గిన్నెలో పెట్టి తినిపించండి, మిగిలినవి తీసేయండి. ఫ్రిస్కో గారూ, మీ గోడ వెనకవైపు పూశారా?

ఫ్రిస్కో_నాన్న | జనవరి 30, రాత్రి 9:15

పూయలేదండి. శనివారం తీసి పూస్తా. అంటించకుండా బిగుతుగా నిలబెట్టడం ఇందుకు పనికొచ్చింది, లేకపోతే పగలగొట్టాల్సి వచ్చేది.

వేళ్ళ సంగతి: అక్క చెప్పినట్టు మూడు రోజులు చేశాం. పాప టైమర్ పట్టుకుని కూర్చుంది, నేను కాటన్ బడ్. రెండు వేళ్ళ మీద పొర మొదటిరోజే జారింది. మూడో వేలిది నిన్న వచ్చింది, ఉల్లిపొర కంటే పలచగా ఉంది. కింద చర్మం గులాబీ రంగులో ఉంది. మూడూ నిలిచాయి.

వెట్_టెక్_అక్క | జనవరి 30, రాత్రి 9:40

గులాబీ రంగు అంటే రక్తం బాగానే తిరుగుతోంది. చాలా సంతోషం. పాపకు నా తరఫున శభాష్ చెప్పండి.

ఫ్రిస్కో_నాన్న | ఫిబ్రవరి 9, రాత్రి 8:05

స్లేట్ హైడ్ నిన్న పొద్దున పెట్టా. అద్దెకు తెచ్చిన టైల్ కట్టర్, 14 డాలర్ల స్లేట్, అంతే ఖర్చు. ఎర్రగోడ మెట్ల కింద నల్లగా, పలచగా ఉంది, బొమ్మలోని గుహంత గొప్పగా లేదు. పాప మొదట ముఖం చిన్నబుచ్చుకుంది. రాత్రి తొమ్మిదింటికి చుక్కమ్మ గిన్నె వెనక నుంచి వచ్చింది. ద్వారం దగ్గర ఆగి రాయిని రెండుసార్లు నాకింది. తల పెట్టింది, వెనక్కి తీసింది, మళ్ళీ పెట్టింది. తర్వాత మొత్తం లోపలికి వెళ్ళి తిరిగి ముఖం ఇటు పెట్టుకుని పడుకుంది. మా అమ్మ, పాప, నేను ముగ్గురం ఊపిరి బిగబట్టి చూశాం. కింది పలక మీద 90, కప్పు మీద 84.

పొద్దున చూస్తే అక్కడే ఉంది. తోక కొస మాత్రం బయటికి కనపడుతోంది. ఈరోజు నాలుగు పురుగులు తింది.

పాప ఇవాళ కొత్త బొమ్మ వేసింది. ఎర్రగోడ, మెట్లు, కింద చిన్న నల్లరాతి ఇల్లు. ఎడమవైపు చల్లగా ఉండే చోట కూడా అచ్చంగా అలాంటిదే ఇంకోటి గీసింది. పుట్టమన్ను గారు చెప్పింది చదివి వినిపించా మరి. అన్నా, ఒక టైల్ ముక్క మిగిలింది, 12 అంగుళాలు, 7 అంగుళాలు. రెండోది వస్తుందా?

నాపరాయి | ఫిబ్రవరి 9, రాత్రి 8:20

కప్పుకు 7, 5 తీసుకో. మిగిలిన 7, 7 ముక్కలోంచి పట్టీలు మూడూ వస్తాయి. ఈసారి కోయడం నువ్వు చెయ్, అంచులు రుద్దే పని పాపకు ఇవ్వు. నీళ్ళు పోస్తూ రుద్దమను, దుమ్ము లేవకుండా.